మర్డర్ మిస్టరీ పుస్తకాలు ఎందుకు చదువుతారు? నిజాం కాలం ఠగ్గుల నుంచి డిటెక్టివ్ యుగంధర్ దాకా.. ఈ విషయాలు తెలుసా?

ఫోన్ ఓపెన్ చేస్తే చాలు.. ఎక్కడో ఒక హత్య వార్త. సీసీటీవీ వీడియో, నిందితుడి ఫొటో.. రెండు నిమిషాల్లో అంతా అయిపోతుంది. మర్నాటికి ఇంకో ఊరు, ఇంకో కేసు. మరి అదే హత్య మీద మూడొందల పేజీల పుస్తకం వస్తే జనం ఎందుకు కూర్చుని చదువుతారు? యాభై, అరవై ఏళ్లయినా ఎందుకు మర్చిపోరు?

రంగారెడ్డి జిల్లా శేరిగూడనే తీసుకుందాం. ఇబ్రహీంపట్నం పక్కన, సాగర్ రోడ్డు మీదున్న ఇంజినీరింగ్ కాలేజీల ఊరు. 2022 మార్చి 1న ఇదే మండలంలోని కర్ణంగూడ దగ్గర ఇద్దరు రియల్ ఎస్టేట్ వ్యాపారులపై కాల్పులు జరిగాయి. ఇద్దరూ చనిపోయారు. భూమి గొడవే కారణమని పోలీసులు చెప్పారు. ఆ రోజు టీవీల్లో అదే బ్రేకింగ్. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు.. ఇవన్నీ వార్త చెప్పేసింది. కానీ ఒక గొడవ ప్రాణం తీసేదాకా ఎలా వెళ్తుంది? ఆ తర్వాత ఆ ఇళ్లలో ఏం మిగులుతుంది? వార్త ఆగిపోయే ఈ చోటే మంచి క్రైమ్ పుస్తకం మొదలవుతుంది.

నిజాం కొలువులోని దొర రాసిన నవల

క్రైమ్ సాహిత్యం అనగానే లండన్, న్యూయార్క్ గుర్తొస్తాయి. కానీ షెర్లాక్ హోమ్స్ పుట్టడానికి 48 ఏళ్ల ముందే, హైదరాబాద్ రాజ్యంతో ముడిపడిన ఒక హత్యల నవల ఇంగ్లండ్‌ను ఊపేసింది. రాసింది ఫిలిప్ మెడోస్ టేలర్. కుర్రాడిగా ఇండియాకు వచ్చి 1824లో నిజాం కొలువులో చేరాడు. 1839లో ఆయన రాసిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ అచ్చయింది.

బాటసారులతో స్నేహం నటించి, అదను చూసి రుమాలుతో గొంతు బిగించి దోచుకునే ఠగ్గుల కథ ఇది. అమీర్ అలీ అనే ఖైదీ తన హత్యల గురించి ఒక దొరకు తానే చెప్పుకుంటూ పోతాడు. అప్రూవర్లుగా మారిన ఠగ్గులు చెప్పిన సంగతులే దీనికి ముడిసరుకు. అంటే సగం నిజం, సగం కల్పన.

ఇక్కడే అసలు తిరకాసు ఉంది. మెడకు ఉరి తప్పించుకోవడానికి అప్రూవర్‌గా మారినవాడు చెప్పిందంతా నిజమేనా? ఠగ్గుల గురించి ఆనాటి తెల్ల ఆఫీసర్లు ఎంత చూసి రాశారు, ఎంత పెంచి రాశారు అనే దానిపై చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.

మన యుగంధర్ సంగతేంటి?

ఒకప్పుడు తెలుగులో వీటిని ‘అపరాధ పరిశోధన’ నవలలు అనేవాళ్లు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు అంటే పాఠకులకు ఇంట్లోవాళ్లతో సమానం. ‘చావుకేక’, ‘ప్రమీలాదేవి హత్య’ లాంటి నవలల్ని అద్దెకు తెచ్చుకుని రాత్రికి రాత్రే పూర్తిచేసినవాళ్లు ఎందరో. సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశారంటే ఈ తరం నమ్మకపోవచ్చు. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ‘చంటబ్బాయ్’ 1986లో చిరంజీవి సినిమాగా వచ్చి, డిటెక్టివ్‌ను నవ్వులతో పరిచయం చేసింది.

యండమూరి ‘అభిలాష’ది ఇంకో దారి. హంతకుడు ఎవరన్నది కాదు, హంతకుడిని ఉరితీయడం న్యాయమేనా అన్నది దాని ప్రశ్న. చదువుతున్నవాడిని జడ్జి కుర్చీలో కూర్చోబెట్టే కథ అది.

ట్రూ క్రైమ్ అంటే మొత్తం నిజమేనా?

1959 నవంబర్‌లో అమెరికాలోని కాన్సస్‌లో ఒక రైతు కుటుంబంలో నలుగురిని దొంగతనానికి వచ్చినవాళ్లు కాల్చి చంపారు. ట్రూమన్ కపోటీ ఆ ఊరికి వెళ్లి, ఊరివాళ్లతో, హంతకులతో మాట్లాడి ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ రాశారు. 1966లో పుస్తకంగా వచ్చింది. ప్రతి మాటా నిజమేనని ఆయన చెప్పుకున్నారు. కానీ చివర్లో వచ్చే శ్మశానం సీన్ కల్పితమని తర్వాత తేలింది.

ఇంకో విమర్శ కూడా ఉంది. పుస్తకం మూసేశాక హంతకుల ముఖాలే ఎక్కువ గుర్తుంటాయి, చనిపోయినవాళ్లు వెనక్కి వెళ్లిపోతారు. ఇవాళ్టి వెబ్ సిరీస్‌లకూ, యూట్యూబ్ క్రైమ్ స్టోరీలకూ వర్తించే మాట ఇది.

పసిపాప ప్రాణం కాపాడిన నవల

1977లో ఖతార్ నుంచి లండన్ ఆస్పత్రికి ఒక పసిపాపను తీసుకొచ్చారు. జబ్బేంటో డాక్టర్లకు అంతుపట్టలేదు. ఒక నర్సు మాత్రం పాప జుట్టు రాలడం గమనించింది. అప్పుడు ఆమె చదువుతున్నది అగాథా క్రిస్టీ నవల ‘ది పేల్ హార్స్’. అందులో థాలియం విషం లక్షణాలు సరిగ్గా ఇలాగే ఉన్నాయి. టెస్టు చేస్తే నిజంగానే థాలియం! పాప కోలుకుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో క్రిస్టీ ఆస్పత్రి మందుల విభాగంలో పనిచేశారు. విషాల గురించి ఆమెకున్న పట్టు అక్కడ నేర్చుకున్నదే.

నవల్లో క్లైమాక్స్.. కోర్టులో చెల్లదు

డిటెక్టివ్ అందర్నీ హాల్లో కూర్చోబెడతాడు. హంతకుడు తలదించుకుని ఒప్పుకుంటాడు. కథ కంచికి! కానీ మన చట్టం ప్రకారం పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు నిందితుడిపై సాక్ష్యంగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 23 చెప్పేది ఇదే. నిందితుడు చెప్పిన సమాచారంతో ఆయుధం లాంటిది దొరికితే, దానికి సంబంధించినంత వరకే ఆ మాట పనికొస్తుంది. పాత నవలల్లోని ‘302’ కూడా మారిపోయింది. 2024 జూలై 1 నుంచి హత్యకు శిక్ష భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 103 కింద పడుతుంది.

అందుకే ‘నిందితుడు నేరం ఒప్పుకున్నాడు’ అనే స్క్రోలింగ్ చూడగానే కేసు తేలిపోయిందనుకోవడం పొరపాటు. అప్రూవర్ మాటను అనుమానించడం నేర్పిన పుస్తకమే, ఆ స్క్రోలింగ్‌ను కూడా ఒకసారి ఆగి చదవమంటుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

పజిల్ ఇష్టమైతే క్రిస్టీ రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’. హంతకుడి మనసు తెలుసుకోవాలంటే దోస్తోయెవ్‌స్కీ ‘నేరం-శిక్ష’. అందులో చంపిందెవరో మొదట్లోనే తెలిసిపోతుంది, ఆ తర్వాత నడిచేదంతా వాడి లోపలి నరకం. తేలిగ్గా మొదలుపెట్టాలంటే యుగంధర్ ఉండనే ఉన్నాడు. శేరిగూడ నుంచి సిటీకి వచ్చే స్టూడెంట్లకు కోఠి పాత పుస్తకాల షాపులు, అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మార్కెట్ మంచి అడ్డాలు.

ఏ పుస్తకం పట్టుకున్నా చివరి పేజీ అయ్యాక ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. చంపినవాడి పేరు సరే.. చనిపోయిన మనిషి పేరు గుర్తుందా?