సర్వర్ గదిలో పాతకాపు, ఇంట్లో కొత్త కాపురం

2016 మార్చి 31న ఇంటెల్ సంస్థ జియాన్ ఇ5-2680 వి4 అనే ప్రాసెసర్‌ను విడుదల చేసింది. 14 కోర్లు, 28 థ్రెడ్లు, 35 మెగాబైట్ల కాష్. జాబితా ధర 1745 డాలర్లు, అంటే అప్పటి మారకంలో లక్ష రూపాయలు దాటిన సొమ్ము. బ్యాంకులు, టెలికాం కంపెనీలు, డేటా సెంటర్లు కొనాల్సిన సరుకు అది. ఇంట్లో టేబుల్ కింద పెట్టుకునే డబ్బాలోకి వస్తుందని తయారుచేసినవాళ్లు అనుకుని ఉండరు. పదేళ్లు తిరక్కుండానే అదే చిప్పు సెకండ్ హ్యాండ్‌లో రెండు మూడు వేల రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతోంది. కట్టంగూర్‌లో కూర్చుని ఫోన్‌లో ఆర్డర్ పెడితే కొరియర్‌లో ఇంటికే వస్తుంది.

కట్టంగూర్ హైదరాబాద్–విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు తగిలే మండల కేంద్రం. ఇలాంటి ఊళ్లో గట్టి కంప్యూటర్ ఎవరికి కావాలి? పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఫొటో స్టూడియోకి, సెలవులకు ఇంటికొచ్చిన ఇంజినీరింగ్ పిల్లలకు, ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి. వీళ్లలో ఈ పాత చిప్పు ఎవరికి అచ్చొస్తుంది, ఎవరి నెత్తిన బరువవుతుంది? అది తేలాలంటే దాని పుట్టుక నుంచీ రావాలి.

1995 నవంబరులో వచ్చిన పెంటియం ప్రోతో ఇంటెల్ సర్వర్ల వైపు గట్టిగా అడుగేసింది. 1998 జూన్‌లో 400 మెగాహెర్ట్జ్ పెంటియం 2 జియాన్ వచ్చింది. ఇంటికో పేరు, సర్వర్‌కో పేరు అనే విభజన అక్కణ్ణుంచి మొదలు. లోపలి కోరు వంశం ఒకటే. తేడా అంతా కాష్‌లో, మెమరీలో, ఎన్ని ప్రాసెసర్లు కలిసి పనిచేయగలవన్న దానిలో, ముఖ్యంగా ధరలో.

కంపెనీ గీత గీస్తే కుర్రకారు చెరిపేయకుండా ఊరుకుంటారా? 1999లో ఆబిట్ అనే కంపెనీ బీపీ6 అనే మదర్‌బోర్డు తెచ్చింది. అతి చవక సెలెరాన్లు రెండింటిని పక్కపక్కన కూర్చోబెట్టి సర్వర్ పని చేయించొచ్చు దానితో. సెలెరాన్‌కు జంట ప్రాసెసర్ల యోగం ఇంటెల్ లెక్కలో లేదు. ఆ తర్వాత 771 పిన్నుల జియాన్‌ను 775 పిన్నుల ఇంటి బోర్డులో పెట్టే ఉపాయం దొరికింది. రెండు కాంటాక్టుల స్థానాలు మార్చే చిన్న స్టిక్కరు, సాకెట్ అంచున ఉన్న బొడిపెలు కోయడానికి ఒక బ్లేడు చాలు. వేల రూపాయల చిప్పును బ్లేడుతో, స్టిక్కరుతో లొంగదీసిన ఆ పనిని నేను ఇంజినీరింగ్ అనే అంటాను.

పాత సర్వర్ చిప్పుల అసలు వరద మొదలైంది 2015–16 ప్రాంతంలో. 2012 మార్చిలో 1552 డాలర్లకు వచ్చిన 8 కోర్ల ఇ5-2670, నాలుగేళ్లు తిరిగేసరికి సెకండ్ హ్యాండ్‌లో వంద డాలర్లలోపుకి పడిపోయింది. చిప్పులు చెడిపోయి కాదు. ప్రాసెసర్ అంత తేలిగ్గా చావదు. ముందుగా పోయేవి ఫ్యాన్లు, బోర్డు మీది కెపాసిటర్లు. డేటా సెంటర్ లెక్క వేరు: అదే కరెంటుకు, అదే స్థలంలో కొత్త యంత్రం రెట్టింపు పని చేస్తే, బాగా నడుస్తున్న పాతదాన్ని తీసేయడమే లాభం. అమెజాన్ తన సర్వర్ల ఆయుష్షును మూడేళ్లుగా లెక్కించేది. 2020లో నాలుగేళ్లు చేసింది, 2022లో ఐదేళ్లు. అంటే బండెడు పని చేయగల చిప్పులు అయిదారేళ్ల ప్రాయంలోనే రిటైరవుతాయి. ఇ5-2686 వి4 అనే 18 కోర్ల రకం ఉంది. అమెజాన్ క్లౌడ్ యంత్రాల్లో పనిచేసిన రకం అది, మామూలు జాబితాలో అమ్మకానికి పెట్టింది కాదు. ఇవాళ అదీ సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తోంది.

ఇంటి చిప్పుకూ సర్వర్ చిప్పుకూ ఉన్న తేడాల్లో నాకు ఇష్టమైనది మెమరీ తప్పులు దిద్దుకునే విద్య. ర్యామ్‌లో ఒక్కో బిట్టు అతి స్వల్పమైన విద్యుదావేశం. అంతరిక్షం నుంచి వచ్చే కణాల తాకిడికో, మరో కారణానికో అరుదుగా ఒక సున్నా ఒకటిగా మారిపోతుంది. సినిమా చూస్తుంటే ఎవరికీ పట్టదు, బ్యాంకు ఖాతాలో అయితే కొంపలంటుకుంటాయి. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హ్యామింగ్ 1950లోనే దీనికి లెక్క కట్టాడు. ఆ దారిలోనే సర్వర్ ర్యామ్ ప్రతి 64 బిట్లకు 8 తనిఖీ బిట్లు కలిపి దాస్తుంది. ఒక బిట్టు తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే కనిపెట్టి అరుస్తుంది. ర్యామ్ కర్ర మీద ఎనిమిది చిప్పులు ఉండాల్సిన చోట తొమ్మిది కనిపిస్తే అది ఈ బాపతే. సర్వర్ల నుంచి ఊడిన ఈ ర్యామ్ ఎక్కువగా రిజిస్టర్డ్ అనే రకం, అది మామూలు ఇంటి బోర్డుల్లో పనిచేయదు. అందుకే గిరాకీ తక్కువ, ధరా తక్కువగానే ఉంటూ వచ్చింది. జియాన్ వాడేవాడికి అది అదృష్టం. పైగా ఈ చిప్పు నాలుగు దారుల్లో ఒకేసారి ర్యామ్‌తో మాట్లాడుతుంది, ఇంటి చిప్పుకు రెండే దారులు.

మరి 14 కోర్లున్నాయి కదా అని నాలుగు కోర్ల ఇంటి యంత్రం కంటే మూడున్నర రెట్లు వేగం వస్తుందా? రాదు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చెప్పిన సూత్రం ఇక్కడ అడ్డొస్తుంది. నాట్లకు పద్నాలుగు మంది కూలీలను పిలిచారనుకోండి. దమ్ము చేసే ట్రాక్టర్ ఒకటే ఉంటే, దమ్ము అయ్యేదాకా అందరూ గట్టు మీద కూర్చోవాల్సిందే. పనిలో పదో వంతు ఇలా విడగొట్టలేనిదైతే 14 కోర్లతో వచ్చే వేగం ఒక్క కోరు కంటే ఆరు రెట్లే. సగం పని విడగొట్టలేనిదైతే రెండు రెట్లు కూడా రాదు. దీనికి తోడు సర్వర్ చిప్పు ఒక్కో కోరును నెమ్మదిగా నడుపుతుంది: ఇ5-2680 వి4 మూల వేగం 2.4 గిగాహెర్ట్జ్, ఎంత ఉరికినా 3.3. 2022లో వచ్చిన ఆరు కోర్ల ఐ5-12400 చిప్పు 4.4 దాకా పోతుంది, ప్రతి అడుగులోనూ ఎక్కువ పని చేస్తుంది. ఒక్క కోరుతో నడిచే పనిలో పాత జియాన్ దానిలో దాదాపు సగం. వెబ్ పేజీలు, ఎక్సెల్, చాలా ఆటలు అలాంటి పనులే. మీసేవ కౌంటర్‌కో, పిల్లల పాఠాలకో ఈ చిప్పు కొనడం దండగ.

స్టూడియో మాటకొస్తే చిన్న మెలిక ఉంది. కెమెరాలో నుంచి వచ్చే వీడియోను విప్పి చూపడానికి ఇంటి ఇంటెల్ చిప్పుల్లో చాలావాటికి క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం ఉంటుంది. ఈ జియాన్‌లో అసలు గ్రాఫిక్స్ భాగమే లేదు. కార్డు పెట్టకపోతే మానిటర్‌లో బొమ్మే రాదు. కాబట్టి మంచి గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదు, వీడియో విప్పే పనిలో చాలా భాగం ఆ కార్డే చేస్తుంది. జియాన్ నిజంగా రాణించేది త్రీడీ బొమ్మల రెండరింగ్‌లో, పెద్ద ప్రోగ్రాములు కంపైల్ చేయడంలో, ఒకే పెట్టెలో ఏడెనిమిది వర్చువల్ యంత్రాలు నడపడంలో. క్లౌడ్, నెట్‌వర్కింగ్ నేర్చుకునే విద్యార్థికి ఇంత చవకైన ప్రయోగశాల మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇక బోర్డు. చిప్పు అగ్గువ, అసలు తలనొప్పి ఇదే. చాలా సర్వర్ బోర్డులు ఇంటి క్యాబినెట్‌లో పట్టవు. సర్వర్ల చిన్న ఫ్యాన్లు ఇల్లంతా హోరెత్తిస్తాయి. ఆ లోటు చూసి చైనాలోని చిన్న కంపెనీలు ఇంటి కొలతల్లో ఎక్స్99 పేరుతో బోర్డులు దించాయి, హువానన్‌ఝి వాటిలో బాగా తెలిసిన పేరు. ఇలాంటి బోర్డుల్లో కొన్నిటి మీది చిప్‌సెట్ కూడా పాత బోర్డు నుంచి ఊడదీసి అతికించినదే. చెడితే హైదరాబాద్ పట్టుకెళ్లినా బాగుచేసేవాడు దొరకడం కష్టం. మరో జాగ్రత్త: మూత మీద మోడల్ నంబరు బదులు ఇంటెల్ కాన్ఫిడెన్షియల్ అని ఉంటే అది పరీక్షల కోసం చేసిన నమూనా. ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

కరెంటు లెక్కకు వద్దాం. చిప్పు ఒక్కటే పూర్తి పనిలో 120 వాట్ల తరగతి. కొత్త ఇంటి యంత్రం కంటే మొత్తం మీద 100 వాట్లు ఎక్కువ తాగిందనుకుంటే, రోజుకు 8 గంటల చొప్పున నెలకు 24 యూనిట్లు. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన ఇళ్లకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తోంది. 185 యూనిట్ల దగ్గర ఆగే ఇల్లు ఈ 24తో గీత దాటితే, ఆ నెల పైనున్న తొమ్మిది యూనిట్లకే కాదు, మొత్తానికీ కట్టాలి. చిప్పు మీద మిగిలిందంతా మీటరు మింగేస్తుంది.

తాగిన ప్రతి వాటూ చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. డేటా సెంటర్ల గదులను 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉంచాలన్నది ఆ రంగంలో పాటించే సూచన. మన నల్గొండ జిల్లాలో మే నెలలో బయట 44 దాటుతుంది, రేకుల గదిలో సంగతి చెప్పక్కర్లేదు. గది ఎన్ని డిగ్రీలు పెరిగితే చిప్పూ ఇంచుమించు అన్ని డిగ్రీలు పెరుగుతుంది, హద్దు తగిలితే తనే వేగం తగ్గించుకుంటుంది. పెద్ద కూలర్ పెట్టకుండా ఎండాకాలంలో రెండరింగ్ మొదలెడితే డబ్బిచ్చి కొన్న కోర్లు నత్తనడక నడుస్తాయి.

విండోస్ 11 ఈ తరం చిప్పులను అధికారికంగా ఒప్పుకోదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. 2018 జనవరిలో బయటపడ్డ మెల్ట్‌డౌన్, స్పెక్టర్ లోపాలు వీటికీ ఉన్నాయి కాబట్టి తాజా సవరణలు లేకుండా నడపకూడదు. లినక్స్ పెట్టుకోవడమే దారి. నేర్చుకునేవాడికి అదీ లాభమే.

ఈ వరద ఎల్లకాలం ఉండదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని షాద్‌నగర్ వైపు ఇప్పుడు డేటా సెంటర్లు లేస్తున్నాయి, అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులోనే మొదలైంది. వాటి పాత చిప్పులు రేపు మనకు అగ్గువకు దొరుకుతాయనుకుంటే పొరపాటే. 2018 నుంచి అమెజాన్ గ్రావిటాన్ పేరుతో సొంత చిప్పులు వాడుతోంది, వాటిని బయట ఎవరికీ అమ్మదు. ఏఎండీ ఎపిక్ చిప్పులకు ఒక భద్రతా తాళం ఉంది. ఆ తాళం వాడే కంపెనీ సర్వర్‌లో ఒకసారి నడిచాక ఆ చిప్పు మరో కంపెనీ బోర్డులో పనిచేయదు. బాగున్న చిప్పును అలా చెత్త పాలు చేయడం భద్రత పేరుతో జరుగుతున్న దుబారా.

పెద్ద పని చేతిలో ఉండి, లినక్స్ అంటే భయం లేకపోతే ఇవాళ కొనండి. లేకపోతే ఆ డబ్బుకు ఇంకొంత కలిపి కొత్త ఐ3 తీసుకోండి. కొన్నవాళ్లు మాత్రం బోర్డు చేతికందిన రోజే మెమరీ పరీక్ష పెట్టి రాత్రంతా నడపండి. తప్పులు కనిపిస్తే, తిరిగిచ్చే గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.