అనపగింజలు పితికే సాయంత్రానికి ఒక పేజీ

డిసెంబరు, జనవరి నెలల్లో తమిళనాడులో హోసూరు దగ్గరి బాగలూరు ఇళ్లలో ఒక పని తప్పదు. పొద్దున అనపకాయలు ఒలిచి గింజలు నీళ్లలో నానబోస్తారు. పొద్దుగూకే వేళకు ఆ గిన్నె చుట్టూ అవ్వ, కోడలు, బడినుంచి వచ్చిన పిల్లలు చేరతారు. గింజను రెండు వేళ్ల నడుమ నొక్కితే తోలు చేతిలో మిగులుతుంది, పచ్చని పప్పు గిన్నెలోకి చిందుతుంది. ఇంటిల్లిపాదికీ సరిపడా పితకడానికి గంటపైనే పడుతుంది. ఆ గంటలో ఊళ్లో సంగతులన్నీ వచ్చిపోతాయి. రాత్రికి రాగిసంగటిలోకి పితికిపప్పు.

అలాంటి ఇంటి బీరువాలో బరువైన కరిజ్మా పెళ్లి ఆల్బం ఒకటి ఉంటుంది. అందులో తలంబ్రాలు ఉన్నాయి, రిసెప్షన్ వేదిక ఉంది, పెళ్లికూతురి చేతి గోరింటాకు పేజీ నిండా ఉంది. ఇరవై ముప్పై ఏళ్లుగా ప్రతి చలికాలమూ జరిగిన ఆ సాయంత్రం మాత్రం ఒక్క ఫోటోలోనూ లేదు. దాన్ని ఫోటో తీయాలని ఎవరికీ తోచదు. ఇల్లు విడిచి బెంగళూరుకో, దుబాయికో, డల్లాస్‌కో చేరిన వాళ్లకు ముందుగా గుర్తుకొచ్చేది మాత్రం అదే.

డిజిటల్ స్క్రాప్‌బుక్ అనేది ఇలాంటి సాయంత్రాల కోసం పుట్టిన పని. ఫోటో, దాని కింద నాలుగు మాటలు, పక్కన ఒక టికెట్టో చీటీయో ఆకో, వీటన్నిటినీ కంప్యూటర్‌లోనో ఫోన్‌లోనో ఒక పేజీగా అమర్చడం. కత్తెర, జిగురు అక్కరలేదు. పేజీ పొరలుపొరలుగా ఉంటుంది. అడుగున నేపథ్యం, దాని మీద ఫోటో, ఆపైన రాత. ఏ పొరనైనా ఎప్పుడైనా జరపవచ్చు, తీసేయవచ్చు. అమెరికాలో అలవాటైన పేజీ కొలత పన్నెండు అంగుళాల చదరం. బాగా అచ్చు కావాలంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన ఒక్కో వైపు 3600 పిక్సెళ్లు ఉండాలి. పేజీలో ఒక భాగంగా పెట్టే ఫోటోకు ఈ రోజుల్లో మామూలు ఫోన్ కెమెరా చాలు.

కాగితం మీద ఈ అలవాటు పాతదే. నవలాకారుడు మార్క్ ట్వేన్ 1873లో జిగురు ముందే పూసి ఉంచిన స్క్రాప్‌బుక్‌కు పేటెంటు తీసుకున్నాడు. 1980లో సాల్ట్ లేక్ సిటీలో జరిగిన ప్రపంచ రికార్డుల సదస్సులో యూటా రాష్ట్రానికి చెందిన మేరియెలెన్ క్రిస్టెన్సన్ తన కుటుంబపు ఆల్బంలను ప్రదర్శించింది. ఇప్పటి స్క్రాప్‌బుక్ ఉద్యమానికి అక్కడే బీజం పడిందంటారు.

చిన్న సంగతులు దాచుకునే ఈ బుద్ధి తెలుగువాళ్లకు బయటినుంచి రానక్కరలేదు. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి 1830 మే 18న బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో తిరిగివచ్చాడు. దారిపొడుగునా తాను చూసినవి కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాసి పంపుతూ వచ్చాడు. ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుంది, ఏ దారి ఎలా ఉంది, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఇలాంటి దినదిన వివరాలే ఆ రాతల్లో ఎక్కువ. 1838లో అవి ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. తీర్థాల మహిమ చెప్పే పుస్తకాలు ఎన్నో ఉన్నా, చరిత్రకారులు ఈ పుస్తకాన్ని మళ్లీమళ్లీ తెరిచేది ఆ చిన్న వివరాల కోసమే. ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరు కూడా అలాంటిదే. పాలు రాని రోజుకు సున్నా, గ్యాసు బండ వచ్చిన రోజుకు గుర్తు, చీటీ కట్టిన తేదీ, ఆవు ఈనిన తేదీ. ఏడాది తిరగగానే దాన్ని పొయ్యిలో పెట్టకుండా పన్నెండు పేజీలూ ఫోటో తీసి ఉంచితే, ఆ ఇంటి సంవత్సరం మొత్తం దొరికినట్టే.

ఇక ఊరి సంగతి. బాగలూరు హోసూరు నుంచి మాలూరు వెళ్లే దారిలో, కర్ణాటక పొలిమేరకు ఆనుకొని ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో, ఆఫీసుల్లో తమిళం, పొలిమేర దాటితే కన్నడం. ఒకే మనిషి ఒకే పొద్దులో మూడు భాషల్లో బేరమాడి వస్తాడు. మోరసునాడు అని పిలిచే ఈ సీమ రాష్ట్రాల హద్దులకన్నా పాతది. హద్దులు మారుతున్నా మనుషులు ఉన్నచోటే ఉన్నారు.

పాత ఫోటోలకు తేదీ కట్టే పనిలో ఈ హద్దుల మార్పు భలే ఉపయోగపడుతుంది. హోసూరు ప్రాంతం మొదట సేలం జిల్లాలో ఉండేది. 1965 అక్టోబరు 2న ధర్మపురి జిల్లా ఏర్పడింది. 2004 ఫిబ్రవరి 9న దానినుంచి కృష్ణగిరి జిల్లా విడిపోయింది. అంటే ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల చిరునామాలు మోసింది. పెట్టె అడుగున దొరికిన కవరు మీద ‘సేలం జిల్లా’ అని ఉంటే అది చాలావరకు 1965కు ముందుది. ‘మద్రాసు రాష్ట్రం’ అని ఉంటే, ఆ పేరు తమిళనాడుగా మారిన 1969 జనవరికి ముందుది కావచ్చు. పిన్‌కోడు కనిపిస్తే 1972 ఆగస్టు 15 తరవాతిదని నిశ్చయంగా చెప్పవచ్చు, ఆ పద్ధతి మొదలైంది ఆ రోజునే. పాత అలవాటుకొద్దీ జనం కొన్నేళ్లు పాత జిల్లా పేరే రాసి ఉండవచ్చు కాబట్టి, పోస్టాఫీసు ముద్ర కూడా కలిపి చూడాలి. ఫోటో వెనక స్టూడియో ముద్రను, పెన్సిలు రాతను వదలకూడదు. స్కాన్ చేసేటప్పుడు ముందువైపుతోపాటు వెనకవైపూ చేయాలని పట్టుబట్టేది అందుకే. చిన్న నలుపు తెలుపు ఫోటోలను 600 చుక్కల నాణ్యతతో స్కాన్ చేస్తే, పెద్దది చేసి చూసినప్పుడు అరుగు మీది చెంబు, గోడమీది క్యాలెండరు కూడా పలుకుతాయి. స్కానర్ లేనివాళ్లకు 2016లో గూగుల్ తెచ్చిన ఫోటోస్కాన్ యాప్ ఉంది. అద్దంలాంటి ఫోటో మీద పడే వెలుగు మెరుపును అది తీసేస్తుంది.

ఆకులు, మంచు, రిబ్బన్లు ఉన్న నేపథ్యాలు ఇంటర్నెట్‌లో కట్టలకొద్దీ అమ్ముతారు. బాగలూరు పేజీకి అవి నప్పవు. స్కానర్ అద్దం మీద ఒక రాగి వెన్ను పెట్టి మూత వేయకుండా స్కాన్ చేస్తే దాని వంపులు గింజగింజగా వస్తాయి. అవ్వ చీర అంచు, వాకిట్లో ముగ్గు, హోసూరు టౌను బస్సు టికెట్టు, ఉగాది నాటి వేపపూత, ఇవన్నీ ఆ ఊరి కాగితాలే. ఆ రంగులు ఇంకెక్కడా దొరకవు.

హోసూరు గులాబీలదీ ఆ అనపగింజల సాయంత్రంలాంటి కథే. ఆ చుట్టుపక్కల పాలిహౌసులు చూడనివాళ్లకు హోసూరు గులాబీ అనగానే ఫిబ్రవరి 14, విమానాల్లో ఎగిరిపోయే ఎర్రపూలు గుర్తుకొస్తాయి. పత్రికల్లో ఏటా వచ్చే ఫోటో కూడా అదే. ఆ పూల వెనక రోజువారీ పని ఏ ఫోటోలోనూ ఉండదు. ప్రేమికుల రోజుకు పూలు అందాలంటే డిసెంబరు నడుమనే కొమ్మలు కత్తిరించాలి, తేదీ నాలుగు రోజులు అటూఇటూ అయితే ధర పోతుంది. మొగ్గ చెదరకుండా ఒక్కోదానికి చిన్న వల టోపీ తొడుగుతారు. కోసిన కాడలను పొడవును బట్టి వేరుచేసి ఇరవయ్యేసి కట్టగా కడతారు. తాజ్‌మహల్ అనే రకం పేరు అక్కడి ఆడవాళ్ల నోట ఇంటి మేక పేరంత చనువుగా పలుకుతుంది. పొద్దున ఆరుగంటలకు టిఫిన్ క్యారియరుతో వ్యాన్ ఎక్కే తల్లి చేతులు, ముల్లు గుచ్చుకున్న వేలికి చుట్టిన గుడ్డపీలిక, ఇంటికొచ్చాక కొప్పులో ఆ గులాబీ కాకుండా మల్లెపూలే పెట్టుకోవడం. ఒక కూతురు అమ్మ గురించి చేసే పేజీలో ఉండవలసినవి ఇవి. తోటలో తోటి కూలీలు ఫోటోలో పడితే వాళ్లను అడగాలి. అడిగాక వాళ్లే చెప్పే మాటలు ఆ పేజీకి ఇంకో నిండుదనం ఇస్తాయి.

ఇక రాత సంగతి. ఇక్కడే బాగలూరు స్క్రాప్‌బుక్ మిగతా ఊళ్ల పుస్తకాలకన్నా వేరుగా ఉండాలి. తమిళనాడులో 2006లో వచ్చిన చట్టం ప్రకారం తమిళం తప్పనిసరి పాఠ్యాంశమైంది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక తరగతి చొప్పున పైకి పాకింది. రాష్ట్రభాష నేర్చుకోవడం మంచిదే, బాగలూరు పిల్లలకు తమిళం బాగానే వచ్చు. ఈ మార్పులో తెలుగు చదువుకు చోటు కుంచించుకుపోవడమే బాధ. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడుతూ, ఒక్క తెలుగు వాక్యం చదవలేని యువతీయువకులు ఆ ప్రాంతంలో ఇప్పుడు చాలామంది. విదేశాల్లో పుట్టిన మనవలదీ అదే స్థితి. వీళ్లకు ఫోటో కింద తెలుగులో ఎంత చక్కగా రాసిపెట్టినా, అది బొమ్మలాగే కనిపిస్తుంది.

కాబట్టి పేజీకి గొంతు కావాలి. వాట్సాప్‌లో గొంతు సందేశాలు 2013 ఆగస్టులో వచ్చాయి. చదువురాని అవ్వలకు కూడా పట్టుబడిన సాంకేతికత అది. అనపగింజలు పితుకుతూ అవ్వ చెప్పే నలభై సెకన్ల మాటను పేజీకి జతచేయవచ్చు. అచ్చు పుస్తకంలో అయితే చిన్న క్యూఆర్ కోడు వేసి, ఫోన్ చూపితే ఆ గొంతు వినిపించేలా చేయవచ్చు. ఆ కోడు తీసుకెళ్లే లింకు పదేళ్లకు చచ్చిపోవచ్చు, అందుకే అసలు ఆడియో ఫైలును ఇంట్లో విడిగా దాచాలి. మాట కింద తెలుగు రాత, దాని కింద తమిళ లిపిలోనో ఇంగ్లీషు లిపిలోనో అదే మాట. లిపి ఏదైనా మాట తెలుగే.

ఆ మాటను దిద్దకూడదు. పెద్దవాళ్లు కొందరు రికార్డింగ్ అనగానే పుస్తకభాషలోకి మారిపోతారు, ‘మాది నాటు తెలుగు’ అని సిగ్గుపడతారు. ఉమ్మడి చిత్తూరు జిల్లా మిట్టూరు మాటలతో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు, పులికాటు సరస్సు తీరపు తెలుగుతో ‘ప్రళయకావేరి కథలు’ రాసిన స.వెం. రమేశ్, ఆ సిగ్గు అక్కరలేదని రుజువు చేశారు. వాళ్ల కథల్లో పెద్ద సంఘటనలు తక్కువ. తిండి, ఆట, పశువు, చుట్టరికం, ఇవే ఎక్కువ. ఒక ఊరి మాట ఆ ఊరి చిన్న పనుల్లోనే బతుకుతుందని వాటిని చదివితే తెలుస్తుంది. గింజ ‘పితకడం’ అనే క్రియ, ఆ పని చేయని ఇంట్లో ఎన్నాళ్లు నిలుస్తుంది?

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. డీటీపీ సెంటర్లలో వాడే పాత అను ఫాంట్లతో టైపు చేసిన తెలుగు, ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంకాని గుర్తులుగా మారిపోతుంది. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి కూర్పునుంచే ఉంది. సిలికానాంధ్ర సంస్థ పూనికతో వచ్చిన మల్లన్న, మండలి, గిడుగు, సురవరం, తిమ్మన వంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్లలో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటితో రాసింది రేపు వెతికినా దొరుకుతుంది.

దాచడం గురించి ఆర్కుట్ నేర్పిన పాఠం ఆ తరంవాళ్లు మరిచిపోలేదు. 2004 జనవరిలో మొదలైన ఆర్కుట్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో ఒకరి గోడ మీద ఇంకొకరు రాసే మాటను ‘స్క్రాప్’ అనేవారు, ఆ పేజీ పేరే స్క్రాప్‌బుక్. కొత్తగా బెంగళూరులో ఉద్యోగాలకు చేరిన కుర్రవాళ్లు ఆ రోజుల్లో పండగకు ఊరికి ఎవరెవరు వస్తున్నారో అక్కడే మాట్లాడుకునేవారు. 2014 సెప్టెంబరు 30న అది మూతపడింది. దించుకోవడానికి గడువిచ్చారు, చాలామంది పట్టించుకోలేదు, ఆ మాటలు పోయాయి. గూగుల్ ఫోటోస్ 2015లో హద్దులేని ఉచిత నిల్వతో వచ్చి, 2021 జూన్ 1 నుంచి దాన్ని 15 జీబీ లెక్కలోకి తెచ్చింది. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది, తీసిన తేదీ, చోటు చెప్పే లోపలి సమాచారం కూడా పోతుంది. డాక్యుమెంటుగా పంపితే చెక్కుచెదరదు. అందుకే అనుభవజ్ఞులు మూడు ప్రతులు, రెండు రకాల నిల్వలు, వాటిలో ఒకటి వేరే ఊళ్లో అంటారు. వేరే ఊళ్లో చుట్టాలున్న ప్రవాస కుటుంబానికి ఈ చివరి షరతు తేలిక. బాగలూరులో ఒక హార్డ్‌డిస్కు, అన్న దగ్గర న్యూజెర్సీలో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి.

రోజుకొక సెకను వీడియో తీసి ఏడాదికి ఆరు నిమిషాల సినిమా చేసే యాప్‌లు ఉన్నాయి. ఏడాది పొడుగునా రోజుకో ఫోటో తీసేవాళ్లూ ఉన్నారు. ఓపిక ఉన్నవాళ్లకు మంచివే. లేనివాళ్లు నెలకో పేజీ చేసినా చాలు. ఏడాదికి పన్నెండు పేజీలు, పెళ్లి ఆల్బం వేసే ల్యాబుల్లోనే అచ్చు వేయించవచ్చు. జనవరి పేజీకి అనపగింజలు. ఎడమవైపు పై నుంచి తీసిన ఫోటో, గిన్నె చుట్టూ నాలుగు జతల చేతులు, ముఖాలు అక్కరలేదు. కుడివైపు గింజ తోలు స్కాన్ చేసిన బొమ్మ, కింద తేదీ, ఆ రోజు సంతలో కాయల ధర. మూలన క్యూఆర్ కోడు. ఫోన్ చూపితే ముందు గిన్నెలో పప్పు పడే చప్పుడు, దూరంగా మాలూరు బస్సు హారను, ఆ తరవాత అవ్వ గొంతు: “ఆ ఫోను పక్కన పెట్టి నాలుగు గింజలు పితుకు, పొద్దుపోయె.”