అడగని ప్రశ్న



నేనూ ఈ హాస్టల్ అన్నం తిని పదో తరగతి పూర్తి చేసినవాణ్ణే. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి. కాని ఆ మూడేళ్లలో తరగతిలో లేచి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. సందేహాలు లేక కాదు, ఇంగ్లీషులో తడబడితే నవ్వుతారని భయం. "అర్థమైందా?" అని సారు అడిగితే అందరితోపాటు తల ఊపేవాణ్ణి. ఫలితంగా ఫిజిక్స్ పేపరు ఒకటి తప్పి, సప్లిమెంటరీలో గట్టెక్కాను.

ఈ మౌనం మన ఒక్కరి సమస్య కాదు. దీనికి అమెరికాలో 1990లలోనే కొందరు ఫిజిక్స్ అధ్యాపకులు ఒక దారి కనిపెట్టారు. పాఠానికి కొన్ని గంటల ముందే విద్యార్థులు ఇంటర్నెట్ ద్వారా చిన్న ప్రశ్నలకు జవాబులు పంపాలి. అధ్యాపకులు వాటిని చదివి, ఆనాటి పాఠాన్ని దానికి తగ్గట్టు మార్చుకుంటారు. గ్రెగర్ నోవాక్, ఆయన సహచరులు 1999లో దీనిపై పుస్తకం ప్రచురించారు. హార్వర్డ్ ఆచార్యుడు ఎరిక్ మజూర్ కూడా పాఠం ముందుగా చదివి రమ్మని, అందులో ఏది కష్టంగా ఉందో రాసి పంపమని అడిగేవారు.

నేడు ఈ పనికి ఖర్చు లేదు. గూగుల్ ఫారమ్స్‌లో ఉపాధ్యాయులు పది నిమిషాల్లో ఒక ఫారం తయారుచేయవచ్చు. "ఏది అర్థమైంది? ఏది కాలేదు? రేపు ఏం అడగాలనుకుంటున్నారు?" ఈ మూడు ప్రశ్నలు చాలు. లింకును వాట్సాప్‌లో పంపితే సరి. పేరు, ఈమెయిలు అడగకుండా పెడితే ఎవరు రాశారో ఉపాధ్యాయులకు కనబడదు. తెలుగులోనే రాయవచ్చు.

పీజీలో మా మేడం ఇలాగే అడిగారు. "కరెంటు బల్బులో ఖర్చయిపోతుందా?" అని రాశాను. పీజీ విద్యార్థి అడగాల్సిన ప్రశ్నా ఇది అని సిగ్గుపడ్డాను. మర్నాడు మేడం ఆ ప్రశ్నతోనే పాఠం మొదలుపెట్టారు. ఇంకో నలుగురు అదే అడిగారట! బల్బులోకి వెళ్లిన కరెంటు అంతే బయటికి వస్తుందనీ, వెలుగుగా, వేడిగా మారేది శక్తి మాత్రమేననీ ఆ రోజు తెలిసింది. పదో తరగతిలో మిగిలిపోయిన సందేహం పీజీలో తీరింది.

మనలో అందరికీ ఫోన్లు లేవు, నిజమే. ఒక్కొక్కరు ఒక్కసారే పంపాలన్న నిబంధన పెట్టకపోతే, ఒకే ఫోనుతో పదిమంది నింపవచ్చు. అదీ లేకుంటే ఒక అట్టపెట్టె, చిన్న చీటీలు చాలు. అసలు సంగతి పరికరంలో లేదు. వచ్చిన ప్రశ్నకు మర్నాడు తరగతిలో జవాబు దొరకాలి. జవాబు రాకపోతే వచ్చే వారం ప్రశ్నలూ రావు. ఈ మాట మన ఉపాధ్యాయులకు నా సవినయ మనవి.

మీకు నా మాట ఒక్కటే. పేరు లేకుండా రాసిన ప్రశ్న తొలిమెట్టు మాత్రమే. ఆ ప్రశ్న ఇంకా నలుగురిదని తెలిశాక, ఐదోసారి నేను లేచి నిలబడి అడిగాను. తెలుగులోనే అడిగాను. ఎవరూ నవ్వలేదు.