ఎత్తు పెంచిన పాత జిప్సీ బండి: స్టీరింగు దోషములను కనిపెట్టు విధము

పరుల చేతిలో పదియేండ్లు తిరిగిన బండిని కొనుట యొక యెత్తు; దానిని వారు మూడు నాలుగంగుళములు పైకెత్తించి, పెద్ద టైర్లు తొడిగించి, రంగు వేయించి యమ్మినప్పుడు కొనుట మఱియొక యెత్తు. మారుతీ జిప్సీ 1985వ సంవత్సరమున మన దేశమందు అమ్మకమునకు వచ్చినది. 2019లో సామాన్య జనులకు దాని విక్రయము నిలిపివేయబడినది. కావున నేడు జిప్సీ కావలెనన్నవాడు పాతబండినే వెదకుకొనవలెను. కొండదారుల మీది మోజుచేత నట్టి బండ్లలో ననేకము లెత్తు పెంచబడినవై యుండును. రేకు తుప్పుపట్టినచో అతుకు వేయవచ్చును. ఇంజను చెడినచో బండి నిలిచిపోవును, అంతియే. స్టీరింగు చెడిన బండి నిలువదు. ఘాటురోడ్డు మలుపున మన మాట వినక తన దారిని తాను పోవును. అందుచేత ఈ యొక్క విషయమును గూర్చి కొంత విపులముగా వ్రాయుచున్నాను.

చేతికి దెలియు దోషము చేతియొద్ద నుండుట యరుదు. స్టీరింగు చక్రము వదులుగా నున్నదని దానినే బిగింపబూనుట తలనొప్పికి తలపాగా మార్చుట వంటిది. దోషము ఏ కీలునందో, ఏ కోణమునందో యుండును. దానిని తెలిసికొనుటకు ముందు భాగముల యమరిక నెఱుగవలెను. జిప్సీకి ముందు చక్రములు రెంటిని గలుపునట్టి యొకే గట్టి యిరుసు కలదు. అది కమాను కట్టలకు బిగింపబడి యుండును. ఇరుసు కొసలయందు చక్రమును మోయుచు కుడియెడమలకు దిరుగు లోహపు పిడికిళ్ళు రెండుండును. మెకానిక్కులు వీనిని నకిలందురు. పిడికిలి తిరుగుటకు క్రిందను మీదను గల కీలు కింగుపిన్ను. స్టీరింగు పెట్టె మాత్రము ఇరుసుపై లేదు. అది చాసిస్‌కు బిగింపబడినది. ఆ పెట్టెనుండి వెలువడిన పిట్‌మన్ చేయి డ్రాగు లింకను కడ్డీని కదల్పగా, ఆ కడ్డీ పిడికిలిని ద్రిప్పును. రెండు పిడికిళ్ళను టై రాడ్డు జతపఱచును. ఇట్లు పెట్టె పైనను, పిడికిలి క్రిందను ఉన్నవి. వీని నడుమ దూరము పెరిగినంతనే తగవు మొదలగును.

బండి నెత్తించినప్పుడు చాసిస్ పైకి పోవును గాని యిరుసు చక్రముల యెత్తుననే యుండును. తొల్లి యించుమించు సమముగా పరుండియున్న డ్రాగు లింకు ఇప్పుడు గోడకు జేరవేసిన నిచ్చెనవలె వాలును. ఈ వాలు చేయు కీడెంతయో విద్యార్థులు పైథాగొరసు సూత్రముతో లెక్కింపవచ్చును. కడ్డీ పొడవు 30 అంగుళము లనుకొందము. అది సమముగా నున్నప్పుడు చక్రము ఎగిరిపడి కడ్డీకొస 2 అంగుళములు కదలినచో అడ్డపు కొలత 30 నుండి 29.93కు దగ్గును. తేడా 0.07 అంగుళము మాత్రమే. ఎత్తు పెంచుటవలన కొస ముందుగనే 4 అంగుళములు వాలియున్నచో అడ్డపు కొలత 29.73. చక్రము రాతిపై కెక్కి కొస 2 అంగుళములు లేచినచో నది 29.93 అగును, గుంతలో దిగి మఱి 2 అంగుళములు జాఱినచో 29.39 అగును. తేడాలు 0.20, 0.34. అనగా మూడు మొదలైదు రెట్లు హెచ్చినవి. పిడికిలికి గల చేయి 6 అంగుళములైనచో చక్రము రెండు మూడు డిగ్రీలు తనంతట తాను దిరుగును. నడుపువాడు చేయి కదల్పలేదు. గుంతయే బండిని ద్రిప్పినది! గుంత వచ్చినప్పుడొక ప్రక్కకును, గట్టు వచ్చినప్పుడు రెండవ ప్రక్కకును బండి లాగుచుండిన యెడల నీ దోషమే యని తలంపవచ్చును.

దీనికి కొందఱు వంకర కడ్డీని వేయించి వ్యాధి కుదిరినదని సంతసింతురు. ఆ వంకర కడ్డీ కమానుకు దగులకుండ కాపాడునే కాని, దాని రెండు కొసలను గలుపు సరళరేఖను ఇసుమంతయు మార్పదు. కొసల యెత్తులలో నున్న తేడాయే తగ్గవలెను. అందుకు క్రిందికి దిగిన పిట్‌మన్ చేయి నమర్చుటయో, పిడికిలి యొద్ది కొసను పైకి జేర్చుటయో తగిన మార్గము.

ఇక కోణము సంగతి. సైకిలు ముందటి ఫోర్కును ప్రక్కనుండి చూడుడు. అది నిటారుగా లేదు. పైభాగము వెనుకకు వాలియున్నది. ఆ వాలు వలననే నేర్పరియైన బాలుడు చేతులు వదలియు తిన్నగా పోగలుగుచున్నాడు. బండి కింగుపిన్నుకును అట్టి వాలు కొన్ని డిగ్రీలుండును. దీనిని కాస్టర్ అందురు. కమానుకు ముందుకొసనున్న సంకెలను, అనగా షాకిలును, పొడవు చేసి బండి నెత్తించినచో నాకొస చాసిస్ నుండి క్రిందికి దిగును. దానితో నిరుసు ముందుకు ఒఱగి ఈ వాలు తగ్గును. అప్పుడు మలుపు దాటిన పిమ్మట స్టీరింగు తనంతట తిన్నబడదు. వేగముగా బోవునప్పుడు బండి త్రాగినవానివలె అటునిటు దారి మార్చుచుండును. ఇరుసునకును కమానుకును నడుమ చీలికవంటి లోహపు ముక్కను దూర్చి వాలును మరల దెచ్చుట కలదు. కాని యట్లు చేసినచో ఇరుసు మధ్యనున్న పళ్ళచక్రపు ముక్కు క్రిందికి వంగి, ముందటి ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్ళు ఎక్కువ వంకరపడి యదరును. ఒక దోషమును దీర్చునప్పుడు మఱియొకటి పుట్టుట ఎత్తు పెంచిన బండ్లకు సహజము.

పరీక్షకు ఇరువురు కావలెను. మొదట టైర్లలో గాలి సరిచూడవలెను. గాలి తక్కువైన టైరు సగము దోషములను నటింపగలదు. బండి సమతలముపై నిలిపి, చక్రములకు ఱాళ్ళడ్డము వేసి, ఒకరు లోపల గూర్చుండి స్టీరింగును కొద్దికొద్దిగా అటునిటు కదల్పవలెను. రెండవవారు క్రింద పరుండి స్తంభము మొదలు చక్రము వఱకు ఒక్కొక్క కీలుపై చేయి వేసి చూడవలెను. ఏ కీలున ఒక ప్రక్క కదలి రెండవ ప్రక్క కదలదో, అచ్చటనే ప్లే యున్నది. పెట్టెను బిగించిన బోల్టులను, వాని చుట్టుగల చాసిస్‌ను దీపము వేసి చూడుడు. పెద్ద టైర్ల బరువున నచ్చట బీట వాఱుట కలదు. మట్టిపూత దానిని దాచును.

పెట్టె విషయమున నొక మోసము పరిపాటి. ఎత్తు పెంచినప్పుడు డ్రాగు లింకు వాలుటచే స్టీరింగు చక్రము వంకరగా నిలుచును. కడ్డీ పొడవును సరిచేయుటకు బదులు, కొందఱు స్టీరింగు చక్రమునే ఊడదీసి తిన్నగా బెట్టుదురు. కంటికి బాగుండును గాని, లోపలి పళ్ళు నడిమిని వదలి ప్రక్కన పనిచేయుచుండును. పెట్టెలో బిగువంతయు నడిమిచోటనే యుండునట్లు చేయబడినది గనుక ప్రక్కకు జరిగినచో వదులు తప్పదు. దీనిని కనిపెట్టుట సులభము. స్టీరింగును ఒక కొసనుండి మఱియొక కొస వఱకు ద్రిప్పి చుట్లు లెక్కించి, అందు సగము వెనుకకు ద్రిప్పుడు. ముందు చక్రములు తిన్నగా లేనిచో నీ మోసము జరిగినదని యనుమానింపవలెను.

తరువాత ముందుభాగమును జాకీతో లేపి, స్టాండ్లపై నిలుపవలెను. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రింద దూరరాదు. చక్రమును పైనను క్రిందను పట్టి యూపుడు. కదలిక కనబడినచో లోపలివారు బ్రేకు నొక్కవలెను. బ్రేకుతో కదలిక పోయినచో చక్రపు బేరింగు వదులు. పోనిచో కింగుపిన్ను వదులు. ఇంత తేలికయైన పరీక్షను చేయక బేరింగులు మార్చి ధనము పోగొట్టుకొనువారు పెక్కండ్రు. కుడియెడమల బట్టి యూపినప్పుడు కదలినచో టై రాడ్డు కొసలను చూడుడు. జిప్సీ కింగుపిన్నులలో బేరింగుల బిగువు పలుచని లోహపు రేకులచే నిర్ణయింపబడును. రేకు తీసినచో బిగువు హెచ్చును. ఎంత బిగువుండవలెనో స్ప్రింగు త్రాసుతో లాగి, వర్క్‌షాపు పుస్తకములోని యంకెతో పోల్చవలెను గాని చేతి యందాజు పనికిరాదు.

అన్నిటికంటె భయంకరమైనది వణకు. బండి మంచి వేగమున బోవుచు చిన్న గుంతను దాటగనే ముందు చక్రములు రెండును పిచ్చిపట్టినట్లు కొట్టుకొనును. స్టీరింగు చేతినుండి విడిపించుకొనజూచును. అప్పుడు బ్రేకును గట్టిగా ద్రొక్కరాదు. యాక్సిలరేటరును వదలి, చక్రమును స్థిరముగా బట్టుకొని మెల్లగా నిలుపవలెను. వదులైన కింగుపిన్ను, అరిగిన కమాను బుష్షులు, సమతూకము లేని పెద్ద టైర్లు, చెడిన కోణము: ఇవి యొక్కొక్కటి కొద్దికొద్దిగా గలిసి దీనిని బుట్టించును. అమ్మువాడు దీని కెఱిగిన మందొక్కటే; అది క్రొత్త స్టీరింగు డాంపరు. డాంపరు వణకును కొన్నాళ్ళు నొక్కిపట్టునే కాని దాని మూలమును ముట్టదు. పాత బండిలో డాంపరొక్కటి మాత్రము తళతళలాడుచుండినచో సంతోషింపక సందేహింపవలెను. పైని చెప్పిన యూపు పరీక్షలను డాంపరు విప్పించియే చేయుట మేలు.

డ్రాగు లింకునందు గాని, టై రాడ్డునందు గాని, పిట్‌మన్ చేతియందు గాని వెల్డింగు మచ్చ కనబడినచో బేరమాడక వెనుదిరుగుడు. చట్టము సంగతియు గలదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన రూపమునకు భిన్నముగా బండిని మార్చరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నియమమును గట్టిగా సమర్థించినది. కాబట్టి అమ్మువానియొద్ద మొదటి షాకిళ్ళు, కమానులు ఉన్నవేమో యడిగి బేరములోనే తీసికొనుట మంచిది. బండిని తొల్లింటి యెత్తునకు దింపించినప్పుడు డ్రాగు లింకు పొడవును మరల సరిచేయించి పెట్టెను నడిమికి దెప్పింపవలెను. కొన్ని వందల కిలోమీటర్లు నడచిన పిమ్మట కమాను యూ బోల్టులను మఱియొకసారి బిగింపవలెను.