పెద్ద చార్జరు, చిన్న ఫోను

చెన్నేకొత్తపల్లిలోని యిండ్లలో నేఁడు సెల్‌ఫోనులు పలు విధములుగా నున్నవి. కంప్యూటరునకు వచ్చిన 65 వాట్ల చార్జరును ఫోనునకుఁ దగిలించిన కాలిపోవునేమో యని తలిదండ్రులు జంకుచుందురు.

చెఱువులో నీటి యెత్తు వంటిది వోల్టు. తూమున పాఱు నీటి పరిమాణము వంటిది ఆంపియరు. రెంటిని గుణింపఁగా వాట్లు వచ్చును. 1996లో వెలువడిన యూఎస్‌బీ కంప్యూటరునకు పరికరములను గలుపుటకై పుట్టినది. అది యిచ్చినది 5 వోల్టులు, అర ఆంపియరు, అనఁగా రెండున్నర వాట్లే.

ఇప్పటి టైప్-సి చార్జరులలోఁ బవర్ డెలివరీ యను పద్ధతి గలదు. తగిలించినతోడనే చార్జరు 5 వోల్టులే యిచ్చును. పిమ్మట 9, 15, 20 వోల్టులలోఁ దాను వేని నీయఁగలదో తెలుపును. ఫోను తనకు వలసినది కోరును, కోరినదే వచ్చును. కావున నీ పద్ధతి ననుసరించు పెద్ద చార్జరు వలన ఫోనునకు హాని లేదు. 2021 నాఁటి సవరణచే నీ శక్తి 240 వాట్ల వఱకుఁ బెరిగినది. కొన్ని కంపెనీలు మాత్రము వేగమునకై సొంత పద్ధతులు పెట్టుకొన్నవి. ఇది వర్తకపు నేర్పే గాని జనులకు సౌకర్యము గాదు.

భయపడవలసినది తీఁగెను గూర్చియే. 3 ఆంపియరులకు మించి పాఱవలెనన్నఁ దీఁగెకొనలోఁ దన శక్తిని దెలుపు చిన్న చిప్పు ఉండవలెను; లేనిచో మంచి చార్జరు అంతకు మించి యీయదు. సన్నని రాగితోఁ జేసిన చవుక తీఁగెయో, 3 ఆంపియరులకే వేఁడెక్కును. ముట్టుకొనఁగాఁ జుఱ్ఱుమను తీఁగెతో ఫోనును దిండు క్రింద నుంచి పిల్లలు నిద్రింపరాదు.