తామరకు పోపుల డబ్బాలో మందుందా?

లంగా బొందు కట్టుకునే చోటో, గజ్జల్లోనో, రొమ్ముల కిందో గుండ్రంగా ఓ ఎర్రమచ్చ. అంచు కాస్త ఉబ్బి, పొట్టు రాలుతూ, మధ్యలో మామూలుగా ఉంటుంది. ఒకటే దురద. వంటింట్లో చెమట పట్టిందంటే ఇక చెప్పనక్కర్లేదు! అదే తామర. మనలో చాలామందికి వచ్చేదే అయినా ఎవరూ పైకి చెప్పరు. చోటు అలాంటిది కదా!

నా సంగతే చెబుతాను. ఓ వానాకాలం నాకూ వచ్చింది. మందుల షాపులో అడిగితే చిన్న ట్యూబు ఇచ్చారు. మూడు రోజుల్లో దురద మాయం. హమ్మయ్య అనుకుని ట్యూబు అటక మీద పడేశాను. నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది, ఈసారి అరచెయ్యంత. "ఇంగ్లీషు మందులెందుకమ్మా, వెల్లుల్లి దంచి కట్టు" అన్నారు పక్కింటి పిన్నిగారు. కట్టాను. రాత్రంతా ఒకటే మంట. తెల్లారేసరికి బొబ్బలు! తామర అలాగే ఉంది, దానికి తోడు కాలిన పుండొకటి. అప్పుడుగానీ చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళలేదు.

మందు మీద తిరగబడ్డ బూజు

తామర పురుగు వల్లో, నెత్తురు చెడిపోవడం వల్లో రాదు. ఊరగాయ మీద బూజు పడుతుందే, ఆ జాతిదే ఓ ఫంగస్ మన చర్మం పైపొరను తిని బతుకుతుంది. ఈ ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరకు ఎర్గోస్టెరాల్ అనే పదార్థం కావాలి. తామరకు ఎక్కువగా వాడే టెర్బినఫిన్ మందు ఆ పదార్థం తయారవకుండా అడ్డుకుంటుంది.

చిక్కేమిటంటే, ఈ మందుకు లొంగని తామర ఇప్పుడు మన దేశంలో బాగా పాకింది. 2020లో జపాన్ శాస్త్రజ్ఞులు దీనికి ట్రైకోఫైటన్ ఇండోటినీ అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది చూశారా! 2023లో న్యూయార్కులో ఇద్దరు మహిళల్లోనూ ఇది కనబడింది.

ఇలా మొండికెయ్యడానికి మన చేతివాటమూ కొంత కారణమే. షాపులో అడిగి తెచ్చుకునే చాలా ట్యూబుల్లో ఫంగస్ మందుతోపాటు స్టిరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. స్టిరాయిడ్ దురదను, ఎర్రదనాన్ని అణచేస్తుంది. తగ్గిపోయిందని మనం మానేస్తాం. కానీ అది చర్మం తనను తాను కాపాడుకునే శక్తినీ అణచేస్తుంది కాబట్టి ఫంగస్ లోలోపల పాకుతూనే ఉంటుంది. అరకొరగా మందు తగిలి బతికిపోయిన ఫంగస్ నుంచే మొండి రకాలు పుట్టుకొస్తాయి. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు రకాల స్టిరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలంది. అయినా మనం అడక్క మానం, వాళ్ళు ఇవ్వక మానరు.

మొక్కల్లో ఉన్న శక్తి ఎంత?

మరి మన వాము, లవంగం, పసుపు ఎందుకూ పనికిరావా? అలా అనుకోకండి. ఫంగస్ మొక్కలకూ శత్రువే. పారిపోలేవు గనుక అవి తమలోనే విషపదార్థాలు తయారుచేసుకుంటాయి. వాములో ఘాటు వాసనకు కారణమైన థైమాల్, లవంగంలోని యూజెనాల్ ఫంగస్ పొరను దెబ్బతీస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. మానుపసుపులో ఉండే బెర్బెరిన్‌ది ఇంకో ప్రత్యేకత. ఫ్లుకోనజోల్‌కు లొంగని కాండిడా అనే ఫంగస్ మీద ఈ రెంటినీ కలిపి ప్రయోగిస్తే, గాజుపళ్ళెంలో ఆ మందు మళ్ళీ పనిచేసింది. పాతమందుకు తోడుగా మొక్కల మందు నిలబడుతుందేమోనని శాస్త్రజ్ఞుల ఆశ.

అయితే గాజుపళ్ళెం వేరు, మన ఒళ్ళు వేరు. పసుపులోని కర్కుమిన్‌నే తీసుకోండి. అది నీళ్ళలో కరగదు, వెలుతురు తగిలితే పాడవుతుంది, మింగితే రక్తంలోకి చేరేది బహు తక్కువ. ఇక వెల్లుల్లి. వెనిజులాలో డాక్టర్లు వెల్లుల్లి నుంచి అజోయిన్ అనే పదార్థాన్ని తీసి, 0.4 శాతం మాత్రమే ఉండేలా క్రీము చేసి, పాదాలకు తామర వచ్చిన 34 మందికి వాడారు. వారం రోజుల్లో 27 మందికి, మరో వారంలో మిగతా ఏడుగురికీ తగ్గిందని 1996లో ప్రకటించారు. బాగానే ఉంది కదా! కానీ 34 మంది చాలా తక్కువ. పైగా వాళ్ళు రాసింది తూచి, కొలిచి చేసిన క్రీము. నేను కట్టింది పచ్చి వెల్లుల్లి ముద్ద. తేడా నా ఒంటికి తెలిసింది!

మొక్కల నుంచి వచ్చి నిజంగానే మందుగా నిలబడ్డది ఒకటుంది. తెలంగాణ చేలల్లో పండే ఆముదమే దానికి మూలం. ఆముదాన్ని బాగా వేడిచేసి విడగొడితే అన్‌డిసైలినిక్ యాసిడ్ వస్తుంది. కాలివేళ్ళ మధ్య పాచేవాటికి దీన్ని పూతమందుగా ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు. అలాగని సీసాలోంచి ఆముదం తీసి రాస్తే తామర పోదు సుమా!

మీరు చెయ్యవలసినవి

1. ట్యూబు మీద పేర్లు చదవండి. క్లోబెటసాల్, బెటామెథసోన్, బెక్లోమెథసోన్ అని ఉంటే అది స్టిరాయిడ్. డాక్టరు చెప్పకుండా తామరకు రాయవద్దు.

2. పచ్చి వెల్లుల్లి, లవంగనూనె, ఆకుపసర్లు పట్టించకండి. చర్మం కాలుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు పసుపు కూడా రాయకండి, మచ్చ అంచు కనబడక పోల్చుకోవడం కష్టమవుతుంది.

3. మచ్చ పోయిందని మందు మానవద్దు. డాక్టరు చెప్పినన్నాళ్ళూ వాడాలి. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పాలి. కొన్ని మాత్రలు అప్పుడు పనికిరావు.

4. తువ్వాలు, సబ్బు, దువ్వెన ఎవరివి వాళ్ళకే. రోగి బట్టలు విడిగా వేడినీళ్ళలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరేసి, కుట్ల మీద ఇస్త్రీ చెయ్యండి.

5. స్నానం కాగానే మడతల్లో తడి లేకుండా తుడుచుకోండి. తడిసిన చీరతో, చెమ్మ ఆరని లోదుస్తులతో పని చేసుకోవద్దు. వానాకాలంలో మరీ జాగ్రత్త.

6. షుగరు ఉన్నవాళ్ళు, గోళ్ళకు పట్టినవాళ్ళు, తలలో వచ్చిన పిల్లలు అసలు ఆలస్యం చెయ్యకూడదు.

చివరగా నా కథ ఎలా ముగిసిందో చెప్పనా? డాక్టరమ్మ మచ్చ మీది పొట్టు గీకి సూక్ష్మదర్శినిలో చూశారు. మాత్రలు రాస్తూ, "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అనడిగారు. లేదన్నాను. ఇంటికొచ్చి అడిగితే మావారికీ ఉంది, అబ్బాయికీ ఉంది! ఇద్దరూ సిగ్గుపడి దాచుకున్నారు. ముగ్గురం ఒకే తువ్వాలు వాడుతుంటే నాకొక్కదానికి మందు వేసుకుని ఏం లాభం? ముగ్గురం కలిసి వాడితే నాలుగు నెలలకు వదిలింది.

కాబట్టి ఈ రాత్రి అన్నాలయ్యాక మీ ఇంట్లోవాళ్ళని ఒక్కమాట అడగండి. వామూ లవంగమూ పోపుల డబ్బాలోనే ఉండనివ్వండి. వాటిలోంచి మంచి మందు తీసే పని ప్రయోగశాలల్లో జరుగుతోంది. అది వచ్చేలోగా డాక్టరు దగ్గరకు వెళ్ళడానికి మాత్రం సిగ్గుపడకండి.