ముగ్గులోనే కాపురం చేసి చూడండి

ఇల్లు కట్టే ముందు మేస్త్రీ స్థలంలో గూటాలు పాతి, దారం కట్టి, ముగ్గు పోయడం మీరంతా చూసే ఉంటారు. కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి, చాలామంది ఇంటిదారి పడతారు. నన్నడిగితే ఆ పూటంతా అక్కడే ఉండాలి. కాగితం మీది ఇల్లు మొదటిసారి అసలు కొలతల్లో మన కాళ్ల కిందికి వచ్చేది అప్పుడే.

ప్లానును 100వ వంతుకు తగ్గించి గీశారనుకోండి. పొడవూ తగ్గింది, వెడల్పూ తగ్గింది, కాబట్టి వైశాల్యం ఏకంగా 10,000వ వంతుకు తగ్గిపోయింది! కాగితం మీద 2 మిల్లీమీటర్ల తేడాను ఎవరు పట్టించుకుంటారు? నేల మీద అదే 20 సెంటీమీటర్లు, దగ్గర దగ్గర జానెడు.

ఒక పడకగది లెక్క చూద్దాం. ప్లానులో వెడల్పు 10 అడుగులని ఉంది. అది గోడ మధ్య నుంచి గోడ మధ్యకు ఇచ్చిన కొలతైతే, 9 అంగుళాల గోడలు చెరి సగం లోపలికి వచ్చి 9 అడుగుల 3 అంగుళాలే మిగులుతుంది. ప్లాస్టరింగుకు ఇంకో అంగుళం పోతుంది. అందులో 5 అడుగుల మంచం, 2 అడుగుల లోతు బీరువా ఎదురెదురుగా వేస్తే, నడిచే దారి 2 అడుగుల 2 అంగుళాలు. బీరువా తలుపే అడుగున్నర! తలుపు తీసి ఒకరు నిలబడ్డారంటే రెండోవారు దాటలేరు. ఈ ఇరుకు అంకెల్లో దాక్కుంటుంది. ముగ్గు గీతల మధ్య నిజం మంచం వేసి చూస్తే మోకాలికి ఇట్టే తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ముగ్గు పోసినప్పుడు ఏ గదైనా చిన్నదిగానే కనిపిస్తుంది. పైన ఆకాశం, చుట్టూ ఖాళీ జాగా. కన్ను దేన్నైనా పక్కనున్న దానితో పోల్చి కొలుస్తుంది మరి. గోడలు లేస్తే అదే గది పెద్దదిగా కనిపిస్తుంది. అందుకని కంగారుపడి కొలతలు పెంచమనకండి. నడవండి, కూర్చోండి, చేతులు చాపండి; ఒళ్లు చెప్పింది నమ్మండి.

అలా నడిచే ముందు మూలలు సరిచూడాలి. ఒక పక్క 3 అడుగులు, ఇంకో పక్క 4 అడుగులు గుర్తుపెడితే, వాటి మధ్య ఏటవాలు దూరం కచ్చితంగా 5 అడుగులు రావాలి. బౌధాయన శుల్బసూత్రంలో చెప్పిన దీర్ఘచతురస్రాల్లో ఈ 3, 4 కొలతలదీ ఒకటి. గది ఎదురెదురు పక్కలు సమానంగా ఉండి, రెండు కర్ణాలూ సమానమైతే మూలలు మట్టంగా ఉన్నట్టే. తర్వాత తలుపుల వంతు. 3 అడుగుల తాడును తలుపు బందు ఉండే చోట గూటానికి కట్టి పావు వృత్తం గీయండి. తలుపు తిరగడానికే దాదాపు 7 చదరపు అడుగులు పోతుంది! ఆ గీత లోపల మంచమూ పెట్టలేం, కుర్చీ కూడా వేయలేం.

ఇలా నిజం కొలతల్లో ఇంటిని ముందే చూసుకోవడం కొత్తేమీ కాదు. నెదర్లాండ్స్‌లో 1912లో క్రోలర్-ముల్లర్ కుటుంబం కోసం ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో గీసిన ఇంటిని, ఆ స్థలంలోనే కర్రలతో, కాన్వాసు గుడ్డతో నిజం సైజులో నిలబెట్టి చూశారు. ఆ తర్వాత దాన్ని కట్టనే లేదు. ఇప్పుడు ఆస్ట్రేలియాలో పెద్ద పెద్ద హాళ్లలో ప్రొజెక్టర్లతో ప్లానును నేల మీద వేసి, జనాన్ని అందులో నడిపిస్తున్నారు. మనకు ఆ ఖర్చు అక్కర్లేదు, బస్తాడు ముగ్గు చాలు.

అయితే ఆ గీతల్లో ముందు ఎవరు నడవాలి? వంటింట్లో ఎక్కువసేపు నిలబడేవాళ్లు, రాత్రిపూట బాత్రూముకు లేచే పెద్దవాళ్లు. పొయ్యి నుంచి సింకు దాకా, మంచం నుంచి బాత్రూము దాకా వాళ్లనే నడిచి చూడమనండి. వాళ్లు ఇబ్బంది అన్నచోట గీత చెరిపి మళ్లీ పోయించండి. పిల్లరు జరపాల్సి వస్తే మాత్రం ఇంజనీరును అడక్కుండా చెయ్యి పెట్టకండి. ఇవాళ గుప్పెడు ముగ్గుతో జరిగే గోడను, రేపు జరపాలంటే పడగొట్టాల్సిందే.